ఒక్క సెకను ఖరీదు

హీరో గుద్దాడు. విలన్ వెళ్ళి ఖాళీ డ్రమ్ముల మీద పడ్డాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. అంతవరకూ బాగానే ఉంది గాని, నిజం చెప్పండి... మీరు ఈల వేసింది గుద్దుకా, గుద్దు చప్పుడుకా? ఆ చప్పుడు తీసేసి అదే సీను చూడండి. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చొక్కా దుమ్ము ఒకరు దులుపుకుంటున్నట్టు ఉంటుంది!

ఆ గుద్దు చప్పుడు ఉండేది అర సెకను. పాటలో మృదంగం మీద ఒక దెబ్బ, పావు సెకను. వీణ మీద ఒక మీటు, మహా అయితే రెండు సెకన్లు. సినిమా రెండున్నర గంటలైనా మనల్ని పట్టి కూర్చోబెట్టేవి ఇలాంటి చిల్లర సెకన్లే. ఈ వారం మన శీర్షికలో హీరో అలాంటి ఒక్క సెకను. హీరోయిన్ ఒక పాతకాలపు ఇంటి కంప్యూటరు. లొకేషన్ అంటారా? హైదరాబాదు కాదు, చెన్నై కాదు, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం!

"ఏందన్నా, కొలిమిగుండ్లలో నాపరాళ్ళు, పాలిషు ఫ్యాక్టరీలు తప్ప ఇంకేముంది?" అని ఆ పక్క కుర్రాళ్ళే అడుగుతారు. ఉంది తమ్ముడూ. రాయే ఉంది. కాకపోతే ఆ రాయి పాడుతుంది.

రాయి పాడే చోటు

కొలిమిగుండ్లకు మూడు కిలోమీటర్ల దూరంలో బేలం గుహలు. పైన చూస్తే మామూలు నేల, అందులో బావుల్లాంటి మూడు గుంతలు. నడిమి గుంతలోంచి దిగితే కింద వేరే లోకం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి సంగతి పుస్తకాలకు ఎక్కించాడు. ఆ తరవాత దాదాపు నూరేళ్ళు లోపలికెళ్ళి కొలిచిన నాథుడు లేడు. 1982, 1984 మధ్య గెబావర్ అనే జర్మన్ గుహల పరిశోధకుడు తన బృందంతో వచ్చి లోపలంతా గాలించాడు. గుహల పొడవు 3,229 మీటర్లని లెక్క తేలింది. 2002లో పర్యాటక శాఖవారు జనాన్ని లోపలికి రానిచ్చారు.

ఈ గుహల్లో ఒక గదికి సప్తస్వరాల గుహ అని పేరు. దాన్ని 2006లో తెరిచారు. కప్పు నుంచి మర్రి ఊడల్లా రాతి ఊడలు దిగి ఉంటాయి. సున్నపురాయిలోంచి ఇంకిన నీరు బొట్టు బొట్టుగా కారి, బొట్టుకింత సున్నం పేరుకుని, వేల యేళ్ళకు తయారైన ఊడలవి. వేలి కణుపుతోనో చెక్క పుల్లతోనో తడితే లోహం మోగినట్టు మోగుతాయి.

ఇప్పుడొక సంగీత దర్శకుడికి ఆ మోత మీద మనసు పడిందనుకోండి. ఏం చేస్తాడు? గుహను రికార్డింగ్ థియేటరుకు మోసుకుపోలేడు. ఆర్కెస్ట్రాని మొత్తం గుహలోకి దింపడం కష్టం. ఇలాంటి సాహసమే అమెరికాలో ఒకాయన చేశాడు. వర్జీనియా రాష్ట్రంలో లూరే గుహలని ఉన్నాయి. 1950లలో లీలండ్ స్ప్రింకిల్ అనే ఆయన అక్కడి రాతి ఊడల దగ్గర రబ్బరు సుత్తులు అమర్చి, తీగలు లాగి, ఒక ఆర్గన్ మెట్లకు కలిపాడు. మెట్టు నొక్కితే ఎక్కడో గుహ మూల సుత్తి లేచి రాయిని తడుతుంది. భలే పని! మరి శ్రుతి కుదరని రాళ్ళను ఏం చేశాడు? కుదిరేదాకా అరగదీశాడు. వేల యేళ్ళ రాయి ఒక్క స్వరం కోసం అరిగిపోయింది.

రాయి అరక్కుండా దాని శ్రుతి మార్చే ఉపాయం ఇంకొకటుంది. దాని పేరు శాంప్లింగ్. గెబావర్ బేలంలో పాకుతున్న ఆ రోజుల్లోనే, 1980ల మొదట్లో, ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్లు బయటి దేశాల్లో బజారుకొచ్చాయి. ఆ తరవాత మూడు నాలుగేళ్ళలోనే వాటి మీద స్కూలు కుర్రాళ్ళు కూడా శాంప్లింగ్ చేసేశారు.

24 బొమ్మలు... 8,000 అంకెలు

శాంప్లింగ్ అర్థం కావాలంటే సినిమా చూసేవాళ్ళకు రెండు నిమిషాలు చాలు. తెర మీద బొమ్మ నిజంగా కదలదని మీకు తెలుసు. సెకనుకు 24 నిలిచిన బొమ్మలు గబగబా మారుతుంటే కన్ను వాటిని కదలికగా అతికించుకుంటుంది. శబ్దానికీ అదే సూత్రం. మైకు ముందు రాయి మోగితే గాలిలో లేచిన అలలు మైకులో కరెంటు అలలవుతాయి. ఆ అల ఎత్తు ఎంతుందో సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకోవడమే శాంప్లింగ్. ఒక్కో అంకె శబ్దానికి ఒక్కో ఫ్రేము. ఆ అంకెల్ని అదే వేగంతో మళ్ళీ కరెంటుగా మార్చి స్పీకరుకు ఇస్తే, రాయి మళ్ళీ మోగుతుంది.

ఎన్నిసార్లు కొలవాలి? టెలిఫోను మాటకు సెకనుకు 8,000 సార్లు చాలు. కాంపాక్ట్ డిస్కు పాటకు 44,100 సార్లు. పాత ఇంటి కంప్యూటర్లు ఈ రెండింటి మధ్య, ఎక్కువగా కింది వైపే, కాలక్షేపం చేసేవి.

ఎంత సన్నగా కొలవాలి? అప్పటి పెట్టెలు ఎనిమిది బిట్లవి. అంటే కొలబద్ద మీద 256 గీతలే. అల రెండు గీతల మధ్య పడితే దగ్గర గీతకు సర్దుకోవాల్సిందే. ఆ సర్దుబాటు మన చెవికి సన్నని బుస లాగా వినిపిస్తుంది. నాలుగు బిట్లయితే గీతలు 16. ఇక అది పాట కాదు, ఇసకలో చెప్పులీడ్చిన చప్పుడు!

ఇంకో చిత్రం వినండి. పౌరాణికాల్లో రథం ముందుకు దూసుకుపోతుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనబడటం గమనించారా? చక్రం వేగానికి 24 బొమ్మలు చాలక కన్ను మోసపోతుంది. చెవికీ ఈ మోసం తప్పదు. సెకనుకు 8,000 సార్లు కొలిచే పెట్టెకు 4,000 లోపు కంపనాలే సరిగ్గా చిక్కుతాయి. కొలతల్లో సగం కంటే పైనున్న కీచు స్వరం ఏదైనా వేషం మార్చుకుని కింది స్వరంగా దిగి వస్తుంది. అసలు శబ్దంలో లేని దొంగ స్వరమన్నమాట! రాయి, గంట, తాళం లాంటి లోహపు మోతల్లో పై కంపనాలు ఎక్కువ కనుక ఈ దొంగ అక్కడే ముందు జొరబడతాడు. అందుకే మంచి శాంప్లర్ పెట్టెలో కొలతకు ముందే కీచుల్ని వడగట్టే ఫిల్టరు పెడతారు. చవక పెట్టెల్లో అది ఉండేది కాదు. ఆ గరగరే ఈనాడు కొందరికి ముద్దొస్తోంది, అది వేరే సంగతి.

ఆరు సెకన్ల ఆస్తి

ఇక డబ్బుల సంగతి. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు స్నేహితులు ఫెయిర్‌లైట్ అనే యంత్రాన్ని తెచ్చారు. ఏ శబ్దాన్నయినా పట్టి పియానో మెట్ల మీద పరిచేస్తుంది. తెర మీద వెలుగు పెన్నుతో శబ్దపు అలను గీసుకోవచ్చు కూడా. అంతా బాగుంది, ధర మాత్రం ఇల్లు కొనేంత! పీటర్ గాబ్రియెల్, కేట్ బుష్ లాంటి పేరున్న గాయకులకే అది అందింది.

కుర్రకారు ఊరుకుంటుందా? 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ స్పెక్ట్రమ్, అమెరికాలో కమొడోర్ 64 వచ్చాయి. మొదటిదాని మెమరీ 48 కిలోబైట్లు, రెండోదానిది 64. లెక్క వేసుకోండి. సెకనుకు 8,000 అంకెల చొప్పున స్పెక్ట్రమ్ మెమరీ మొత్తం శబ్దానికే రాసిచ్చినా వచ్చేది ఆరు సెకన్లు. కమొడోర్ అయితే ఎనిమిది. అందులోనే ప్రోగ్రామూ ఉండాలి, తెర మీది బొమ్మా ఉండాలి. ఒక్క గదిలో ఉమ్మడి కాపురం! కనుక చేతికి మిగిలేది రెండు మూడు సెకన్లే.

కమొడోర్ 64లో శబ్దం పుట్టించే చిప్పును బాబ్ యానెస్ అనే ఇంజనీరు తయారుచేశాడు. అది సొంతంగా మూడు గొంతులతో పాడే చిప్పే గాని, రికార్డు చేసిన శబ్దం పలకడానికి పుట్టింది కాదు. కుర్రాళ్ళు దానికో కిటుకు కనిపెట్టారు. వాల్యూమ్ మీటకు 16 మెట్లున్నాయి. ఆ మీటను సెకనుకు వేలసార్లు పైకీ కిందకీ ఆడిస్తే, ఆ కుదుపే శబ్దమై వినబడుతుంది! 1984లో ఘోస్ట్ బస్టర్స్ సినిమాకు వచ్చిన కంప్యూటరు ఆటలో ఆ చిన్న పెట్టె సినిమా పేరును మనిషి గొంతుతో అరిచింది. ఇంట్లో కంప్యూటరు మాట్లాడటం విని పిల్లలు తెల్లబోయిన రోజులవి. అన్నట్టు, ఆ యానెస్సే తరవాత ఎన్సోనిక్ అనే కంపెనీ పెట్టిన వారిలో ఒకడయ్యాడు. 1984లో ఆ కంపెనీ రెండు వేల డాలర్ల లోపు ధరకు మిరాజ్ అనే శాంప్లింగ్ కీబోర్డు తెచ్చింది. ఇంటి ఖరీదు ఫెయిర్‌లైట్ ఎక్కడ, ఇది ఎక్కడ!

స్పెక్ట్రమ్ వాళ్ళూ తక్కువ తినలేదు. 1985లో చీటా కంపెనీ స్పెక్‌డ్రమ్ అనే చిన్న పెట్టె అమ్మింది. దాంతో పాటు డ్రమ్ముల శబ్దాలున్న కాసెట్ టేపు. టేపు రికార్డరులో టేపు పెట్టి, కీచుమని కూస్తుంటే ఓపిక పట్టి కూర్చుంటే, కంప్యూటరు డోలు వాయించేది. ఆ మరుసటి యేడు, 1986లో, కేసియో ఎస్.కె.1 అనే బుల్లి కీబోర్డు వచ్చింది. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. మైకులో దగ్గితే దగ్గును సరిగమలుగా పాడేది! పట్టేది మాత్రం 1.4 సెకన్లు. కుక్క మొరుగు పట్టొచ్చు గాని, కుక్క కథ చెప్పలేం.

ఇంతకీ ఈ శాంప్లర్ పెట్టెలో ఏముంటుంది? ఒక పక్క మైకుదో టేపు రికార్డరుదో తీగ దూర్చే రంధ్రం. లోపల శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు, అదృష్టం బాగుంటే ఫిల్టరు, అలను అంకెగా మార్చే చిప్పు. రెండో పక్క కంప్యూటరు వెనక గుచ్చే ప్లగ్గు. అంకెను మళ్ళీ శబ్దంగా మార్చడం ఇంకా చవక. 1987లో కోవాక్స్ స్పీచ్ థింగ్ అనేది వచ్చింది. కొన్ని రెసిస్టర్లను మెట్ల వరసలో సోల్డరు చేసి ప్రింటరు పోర్టుకు తగిలించడం, అంతే! రేడియో రిపేరు షాపులో దొరికే సరుకుతో ఐ.బి.ఎం. తరహా పి.సి. గొంతు విప్పింది.

మరి మన దేశం సంగతేమిటి? ఇళ్ళల్లో ఇవి అరుదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని వందల స్కూళ్ళకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ యంత్రం వెనక కరెంటు అలను అంకెగా మార్చే పోర్టు అప్పటికే ఉంది! కాని అది సెకనుకు నూరు కొలతలకు మించి తియ్యలేదు. వేడి, వెలుతురు కొలవడానికి చాలు, రాగానికి చాలదు. రాయి పాడాలంటే వేగమైన చిప్పు విడిగా తగిలించుకోవాల్సిందే.

కత్తెర, అతుకు, గానుగ

పెట్టె సగం పని చేస్తే మిగతా సగం ప్రోగ్రాము చేస్తుంది. తెర మీద మీ శబ్దం కొండలు లోయలుగా కనబడుతుంది. మొదట కత్తెర పని. రాయిని తట్టకముందు మీ ఊపిరి చప్పుడు, తట్టాక ఎవరో దగ్గిన దగ్గు కోసెయ్యాలి. సినిమా ఎడిటరు చేసే పనే ఇది. దెబ్బ పడిన చోటుకు ఒక్క పిసరు ముందు కొయ్యాలి. అంతకన్నా ముందు కోస్తే తాళం వెనకబడుతుంది, తరవాత కోస్తే దెబ్బ బలం పోతుంది.

రెండోది శ్రుతి. అంకెల్ని రెట్టింపు వేగంతో చదివితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. సగం వేగంతో చదివితే ఒక స్థాయి దిగుతుంది. అమెరికాలో రాయిని అరగదీసి సాధించిన పని ఇక్కడ అంకె మార్చి సాధించారన్నమాట. ఉచితంగా ఏదీ రాదు లెండి. వేగం పెరిగితే శబ్దం పొడవు తగ్గిపోతుంది. టేపు వేగంగా తిప్పితే పెద్దమనిషి గొంతు చీమ గొంతయినట్టు, మరీ పైకి లాగితే బేలం రాయి కాస్తా సైకిలు బెల్లవుతుంది.

మూడోది గానుగ. వయొలిన్ స్వరాన్ని పది సెకన్లు లాగాలి, మెమరీలో ఉన్నది ఒక్క సెకను. ఏం చెయ్యాలి? ఆ సెకను నడిమి భాగాన్ని గానుగెద్దులా తిప్పి తిప్పి చదివించాలి. దీన్నే లూప్ అంటారు. తిరిగిన ప్రతిసారీ అతుకు దగ్గర టిక్కుమనకూడదు. అల ఏ ఎత్తులో ముగిసిందో అదే ఎత్తులో మొదలవ్వాలి. ఈ అతుకు కోసం రాత్రుళ్ళు మేలుకున్న కుర్రాళ్ళెందరో!

1985లో వచ్చిన కమొడోర్ అమిగా ఈ పనికే పుట్టినట్టుండేది. దాని శబ్దపు చిప్పు నాలుగు శాంపిళ్ళను ఒకేసారి పలికేది. 1987లో జర్మనీకి చెందిన కార్‌స్టెన్ ఒబార్‌స్కీ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రాము రాశాడు. తెర మీద నాలుగు నిలువు వరసలు. ఏ శాంపిల్ ఏ స్వరంలో ఎప్పుడు పలకాలో అంకెలతో రాసుకుంటూ పోవడమే. శబ్దాలూ పాటా కలిసి ఒకే ఫ్లాపీలో ఇమిడేవి. వాద్య బృందాన్ని జేబులో వేసుకుని స్నేహితుడి ఇంటికి పోవచ్చు! ఈ యంత్రాలు అమ్మకం మానేసి ఎన్నో యేళ్ళయినా, వాటిని బాగుచేసుకుని, కొత్త పెట్టెలు తయారుచేసుకుని ఈనాటికీ పాటలు కట్టే అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు.

డాన్స్ మాస్టర్ కంప్యూటరు

"ఇదంతా దొరల ముచ్చట. మన సినిమాల్లో ఇంటి కంప్యూటరు ఎక్కడ?" అంటారా? వచ్చేసింది సీను. 1986లో కె. బాలచందర్ తీసిన పున్నగై మన్నన్, మనకు డాన్స్ మాస్టర్ పేరుతో తెలుగులో వచ్చిన కమల్ హాసన్ సినిమా. ఆ సంగీతానికి ఇళయరాజా వాడిన యంత్రం యమహా సి.ఎక్స్.5ఎమ్. అది స్టూడియో యంత్రం కాదు, 1984లో బజారుకొచ్చిన ఇంటి కంప్యూటరే! కంప్యూటరు సంగీతం అని ఆనాడు సినిమా జనం గొప్పగా చెప్పుకున్నది దీని గురించే.

ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోండి. సి.ఎక్స్.5ఎమ్ శబ్దాన్ని పట్టేది కాదు, పుట్టించేది. ఒక అలతో ఇంకో అలను కదిలించి కొత్త శబ్దం తీసే పద్ధతి అది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెడితే యమహా దానికి లైసెన్సు తీసుకుంది. పుట్టించడం బొమ్మ గీయడం లాంటిది. పట్టడం ఫోటో తీయడం లాంటిది. గీసిన పులి ఎంత బాగున్నా, ఫోటోలో పులి మీసం వేరు.

ఇళయరాజా బృందంలో కీబోర్డు వాయించిన కుర్రాళ్ళలో దిలీప్ ఒకడు. మన రమేష్ నాయుడు దగ్గరా, రాజ్-కోటి దగ్గరా కూడా వాయించాడు. ఇంట్లో సొంత స్టూడియో కట్టుకుని కీబోర్డులు, శాంప్లర్లు పేర్చుకున్నాడు. 1992లో రోజా పాటలు వచ్చేసరికి ఆయన ఏ.ఆర్. రెహమాన్! అప్పటికి పెద్ద స్టూడియోకే కాదు, ఇంట్లో గదికి కూడా సినిమా పాట పుట్టించే శక్తి వచ్చేసింది.

సెకను ఎవరిది?

ఇంతవరకూ సరదా. ఇప్పుడు అసలు లెక్క చూద్దాం.

ఒకప్పుడు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పాట రికార్డింగంటే పండగ. వయొలిన్లు వరసల్లో, తబలాలు, ఢోలక్‌లు ఒక మూల, వేణువు ఇంకో మూల. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి. శాంప్లర్లు, కీబోర్డులు పెరిగేకొద్దీ ఆ వరసలు పలచబడ్డాయి. ఇరవై కమానులు లాగే చోట ఒక చెయ్యి మెట్ల మీద పడితే చాలు. పాట ఖర్చు తగ్గింది. ఆ తగ్గింది ఎవరి కూలి? వయొలిన్ పట్టుకుని బస్సెక్కే మనిషిది. యంత్రంలో పలికే వయొలిన్ కూడా ఏనాడో ఎవరో మనిషి లాగిన కమానే కదా! ఒకసారి వాయించాడు, ఒకసారి డబ్బు తీసుకున్నాడు. ఆ స్వరం మాత్రం రోజూ డ్యూటీ చేస్తూనే ఉంది.

దీనికి లోకమంతా చెప్పుకునే కథ ఒకటుంది. 1969లో అమెరికాలో ద విన్‌స్టన్స్ అనే బృందం ఆమెన్ బ్రదర్ అని ఒక రికార్డు ఇచ్చింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు ఒంటరిగా వాయించిన ముక్క ఏడు సెకన్లు. శాంప్లర్లు చవకయ్యాక 1980ల నుంచి ఆ ఏడు సెకన్లు వేలాది పాటల్లో మోగాయి, ఇంటి కంప్యూటర్ల మీద కట్టిన పాటల్లోనూ మోగాయి. కోల్‌మన్‌కు దాని మీద పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. ఏడు సెకన్లతో ఎన్ని ఇళ్ళు లేచాయో లెక్కలేదు. వాయించినవాడికి మాత్రం ఇల్లు లేదు!

దూరపు కథ అనుకోకండి. పీర్ల పండగకు మన సీమ ఊళ్ళల్లో డప్పు ఎలా మోగుతుందో మీకు చెప్పక్కర్లేదు. మంట దగ్గర తోలు కాచి, వేలి కొస ఆనించి చూసి, సన్న పుల్ల ఒక చేత, లావు పుల్ల ఒక చేత పట్టి కొడితే గుండె లోపల తగులుతుంది. ఆ ఒక్క దెబ్బను ఎవరైనా మైకుతో పట్టుకుపోతే? నాలుగు రోజుల్లో అది పేరులేని "డప్పు 3" అయి ఒక కంప్యూటరులో కూర్చుంటుంది. మాస్ పాట వస్తుంది, హాలు ఊగుతుంది. కొట్టినాయన పేరు తెర మీద రాదు. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో వాయించేవాళ్ళకు కూడా హక్కు వచ్చింది, 2012లో అది ఇంకా గట్టిపడింది. చట్టం ఉంది, సరే. అర సెకను దెబ్బ నాదే అని కోర్టు మెట్లెక్కి రుజువు చేసుకునే డప్పు కళాకారుడు ఎవరు చెప్పండి?

శాంప్లింగ్ తప్పని నేననను. రాయిని అరగదీయకుండా పాడించిన విద్యను తిట్టే నోరు నాకు లేదు. పేదింటి కుర్రాడికి నలభై మంది వాద్య బృందాన్ని చేతికిచ్చింది కూడా అదే. నేననేది ఒక్కటే. శబ్దాన్ని పట్టినవాడు పేరును కూడా పట్టాలి. అంకెలతో పాటు ఆ మనిషి పేరు, ఊరు రాసుకోవడానికి యాభై బైట్లు చాలు. 48 కిలోబైట్ల పెట్టెలో కూడా అంత చోటుంది!

మీరూ పట్టొచ్చు

ఈ విద్యకు ఇప్పుడు పాత యంత్రం కొనక్కర్లేదు. మీ జేబులో ఫోను సెకనుకు 48,000 సార్లు కొలవగలదు. ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రాములో శబ్దాన్ని 8,000కు, ఎనిమిది బిట్లకు దించి వినండి. పాతకాలపు గరగర చెవికి తగులుతుంది. అమిగా, కమొడోర్ యంత్రాల వేషం వేసే ఎమ్యులేటర్లు కూడా ఉచితంగా దొరుకుతాయి.

నాలుగు నియమాలు మాత్రం పాటించండి. ఒకటి, మైకు శబ్దానికి దగ్గరగా పెట్టండి, గాలి నేరుగా తగలనివ్వకండి. రెండు, ఎక్కువ గట్టిగా పట్టకండి. 256 గీతలు దాటిన అల నెత్తి తెగిపోతుంది, తెగిన నెత్తి మళ్ళీ అతకదు. మూడు, బేలం వెళ్తే రాళ్ళ మీద మీ తాళ పరిజ్ఞానం చూపించకండి. హంపి విఠలాలయంలో మోగే స్తంభాలను ఇప్పుడు ఎవరినీ తట్టనివ్వడం లేదు. ఎందుకంటే తట్టినవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి. ఒకసారి పట్టిన మోతను లక్షసార్లు వినొచ్చు, రాయి మాత్రం ఒక్కటే. నాలుగు, మనిషి శబ్దమైతే అడిగి పట్టండి. పట్టాక పేరు రాసుకోండి. సినిమాకు అమ్మితే వాటా ఇవ్వండి.

ఇక ఏం పట్టాలి అంటారా? ఇప్పటి ఫోనులో గంటలకొద్దీ చోటుంది, అందుకే ఏదీ ఏరుకోం. రెండు సెకన్ల చోటున్న కుర్రాడు మాత్రం రెండు రోజులు ఆలోచించేవాడు. మీరూ ఒక్క సెకను చోటే ఉందనుకుని ఏరండి. పాలిషు ఫ్యాక్టరీలో నాపరాయి మీద మిషను దిగే క్షణం. పాతకాలపు టాకీసులో తెర లేచేముందు కొట్టే గంట. చెక్కభజనలో చిడతలన్నీ ఒక్కసారి కలిసే దెబ్బ. అవ్వ రోట్లో పచ్చడి నూరుతూ బండ తిప్పే చప్పుడు. విదేశీ కీబోర్డులో ఉన్న వెయ్యి శబ్దాల్లో ఇవి లేవు. ఎవరో ఒకరు పట్టేదాకా ఉండవు కూడా. టాకీసులు కల్యాణ మండపాలయ్యాయి, రోలు పెరట్లో బోర్లా పడి ఉంది, మిషన్లు మారిపోతున్నాయి. పట్టుకోని సెకను మళ్ళీ తిరిగి రాదు.

మీ ఊరి సెకను ఏదో తేల్చుకుని రాయండి. ఎవరి చేతిలోంచి పుట్టిన చప్పుడో ఆ పేరు కూడా రాయడం మరిచిపోకండేం!